డిశ్చార్జి కాగితం మీద నాలుగు గడులు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు,

పసిబిడ్డ పాలు కక్కడం మన ఇళ్ళలో పెద్ద వార్తేం కాదు. కడుపు నిండా తాగాడు, భుజాన వేసుకుని వీపు తట్టలేదు, బాలింత పడనిదేదో తినుంటుంది అంటూ అమ్మమ్మ మూతి తుడిచి పడుకోబెట్టేస్తుంది. చాలాసార్లు అమ్మమ్మ మాటే నిజం. తెల్లగా పడాల్సిన కక్కు పొత్తిగుడ్డ మీద ఆకుపచ్చగా పడితే మాత్రం అది అమ్మమ్మ తేల్చే విషయం కాదు, నైట్ డ్యూటీ నర్సు ఒక్కతే తేల్చాల్సిన విషయమూ కాదు. పుట్టిన కొద్ది రోజుల్లో పసరు వాంతి అయితే, కాదని రుజువయ్యేదాకా అది పేగుకు అడ్డం పడటమేనని పిల్లల సర్జన్లు ఏ దేశంలోనైనా మొదట నేర్చుకుంటారు. ఇంత చిన్న సూత్రం మన కాన్పుల వార్డు గోడ మీదా, తల్లి చేతికిచ్చే కాగితంలోనూ కనిపించడం అరుదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

పేగు అడ్డంకితో పుట్టే పిల్లలు ఎంతమంది? సర్జరీ పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే అంచనా సుమారు 2,000 కాన్పులకు ఒకరు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏటా 10 లక్షలకు పైగా కాన్పులు జరుగుతాయి. ఆ లెక్కన ఏటా 500 మందికి తక్కువ ఉండరు. ఒక్కో ఊళ్ళో చూస్తే ఎప్పుడో ఒకటి. ఒక పీహెచ్‌సీ నర్సుకు తన ఉద్యోగం మొత్తంలో రెండో మూడో తగలొచ్చు. అంత అరుదుగా వచ్చేదాన్ని అనుభవం మీద గుర్తుపట్టమంటే ఎవరివల్లా కాదు. అలవాటుగా అడిగే ప్రశ్నల్లో అది కూడా ఒకటైపోవాలి.

అడ్డంకి ఒక్క రకం కాదు. చిన్నపేగు మొదటి వంపులోనే దారి మూసుకుపోయి ఉండొచ్చు. ఇంకాస్త కిందకు వెళ్ళాక పేగు తెగిపోయినట్టు రెండు ముక్కలుగా ఉండొచ్చు. పెద్దపేగు చివర నరాల కణాలు లేక అక్కడ కదలికే లేకపోవచ్చు. అసలు మలద్వారమే ఏర్పడి ఉండకపోవచ్చు. మొదటి మలం జిగురు ముద్దై పేగును పూడ్చేసి ఉండొచ్చు. ఈ చివరిది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బుతో వస్తుంది, పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా చూస్తారు. వీటన్నిటిలోకీ గంటలు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాల్సింది ఇంకొకటుంది: పేగు మెలిపడటం.

తల్లి కడుపులో ఆరో వారం ప్రాంతంలో శిశువు పేగు పొట్టలో చోటు చాలక బొడ్డుతాడులోకి జరిగి అక్కడ పెరుగుతుంది. పదో వారం వచ్చేసరికి వెనక్కి వస్తుంది. ఈ రాకపోకల్లో గడియారం ముల్లుకు ఎదురు దిశలో మొత్తం 270 డిగ్రీలు తిరిగి, పొట్ట వెనక గోడకు వెడల్పుగా అతుక్కుని స్థిరపడుతుంది. కొందరిలో ఈ తిరగడం సగంలో ఆగిపోతుంది. అప్పుడు చిన్నపేగంతా సన్నటి కాడ ఒక్కదాన్ని పట్టుకుని వేలాడుతుంది. దానికి రక్తం తెచ్చే నాళమూ ఆ కాడలోనే ఉంటుంది. బిడ్డ పుట్టి పాలు తాగుతుండగా ఎప్పుడో ఒకనాడు, సగానికి పైగా కేసుల్లో మొదటి నెలలోనే, తడిబట్టను పిండినట్టు ఆ కాడ మెలిపడిపోతుంది. దారి మూసుకుంటుంది, పసరు పైకి తన్నుతుంది, దాంతోపాటే నెత్తురూ ఆగుతుంది. కొద్ది గంటలు దాటితే పేగు నల్లబడి చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపినా, మిగిలిన జానెడు పేగు పాలు అరిగించుకోలేదు. ఆ బిడ్డను నెలల తరబడి నరంలోకి ఎక్కించే ఆహారంతో బతికించాలి. అంత స్తోమత మన ఆసుపత్రుల్లో ఎన్నిటికుందో శాఖలో ఉన్నవాళ్ళకే బాగా తెలుసు.

మొదటి గంటల్లో ఈ బిడ్డ ఏ డాక్టరునైనా బోల్తా కొట్టించగలడు. పొట్ట మెత్తగా ఉంటుంది, ఉబ్బదు. ఏడుపు బాగుంటుంది. నల్ల దొడ్డి కూడా పోయి ఉంటాడు. ఎక్స్‌రే తీస్తే మామూలుగానే కనిపించవచ్చు. చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ ఆకుపచ్చ మరక. అందుకే ఎక్స్‌రే బాగుందని చెప్పి ఇంటికి పంపడమంత ప్రమాదం ఇంకోటి లేదు. తేల్చాలంటే ముక్కులోంచి వేసిన ట్యూబు ద్వారా కాంట్రాస్ట్ మందు ఇచ్చి, చిన్నపేగు తొలి వంపు వెన్నెముకకు ఎడమవైపుకు వెళ్తోందో లేదో చూడాలి. చేయి తిరిగిన రేడియాలజిస్టు ఉంటే అల్ట్రాసౌండ్‌లో నాళం చుట్టూ పేగు సుడి తిరగడం కనిపిస్తుంది, పక్కపక్కనే ఉండే ధమనీ సిరా చోట్లు మారడమూ కనిపిస్తుంది. ఇక ఆపరేషన్ కొత్తదేం కాదు. బోస్టన్ సర్జన్ విలియం లాడ్ 1936లో వివరించిన పద్ధతే నేటికీ ఆయన పేరుతో నడుస్తోంది: మెలికను వెనక్కి తిప్పి, అడ్డుగా ఉన్న పొరలు కోసి, కాడను వెడల్పు చేసి పేగును సర్దడం. తొంభై ఏళ్ళ నాటి ఆపరేషన్‌కు ఈనాటికీ బిడ్డ సమయానికి అందకపోవడమే అసలు చిక్కు.

ఆకుపచ్చ రంగు గుర్తుపట్టడానికి చదువెందుకు అనిపించవచ్చు. గ్లాస్గోలో కొందరు డాక్టర్లకూ ఇదే సందేహం వచ్చి, తల్లిదండ్రులకు, జనరల్ డాక్టర్లకు, మంత్రసానులకు, నర్సులకు రంగుల పట్టీ చూపించి, పసిబిడ్డ వాంతిలో పసరు ఏ రంగులో ఉంటుందని అడిగారు. ఆ ఫలితాలు 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తల్లిదండ్రుల్లోనే కాదు, వైద్య సిబ్బందిలోనూ చాలామంది పసుపు రంగు వైపు వేలు చూపించారు. పాలు, కొలస్ట్రమ్ కలిసిన పసుపుకూ, నిఖార్సయిన ఆకుపచ్చకూ తేడా తెలియక, తల్లి "పచ్చగా కక్కాడు" అంటే విన్నవాళ్ళు తలాడించి ఊరుకునే ప్రమాదం అక్కడా ఉంది. మన వార్డుల్లో అయితే ఇక చెప్పేదేముంది? పొత్తిగుడ్డ ఉతికేస్తారు, సాక్ష్యం పోతుంది. గుడ్డ ఉతక్కుండా డాక్టరుకు చూపించమని, లేదా ఫోనులో ఫొటో తీసి ఉంచమని చెప్పే నర్సు ఒక్కరున్నా ఆ బిడ్డకు మేలు జరిగినట్టే.

పసరు వాంతి అయిన ప్రతి బిడ్డనూ పెద్దాసుపత్రికి తోలితే అక్కడ మంచాలు చాలవు, సగం మంది ఊరికే తిరిగొస్తారు అని అధికారులు అభ్యంతరం చెప్పొచ్చు. అది కొట్టిపారేసే మాట కాదు. ఇంగ్లండ్‌లో 2002లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పసరు వాంతితో వచ్చిన 63 మంది నవజాత శిశువుల్లో సర్జరీకి సంబంధించిన కారణం దొరికింది 24 మందికే. అంటే ఎక్కువమందిది తప్పుడు హెచ్చరికే. కానీ ఆ అంకెను రెండో వైపు నుంచి కూడా చూడాలి. ఐదుగురిలో దాదాపు ఇద్దరికి కత్తి పట్టాల్సిన జబ్బు ఉంది. ఇంత సూటిగా చెప్పే లక్షణాలు నవజాత శిశువుల వైద్యంలో ఎక్కువ లేవు. ముగ్గురు పరీక్ష చేయించుకుని క్షేమంగా తిరిగిరావడం ఖర్చే, నష్టం మాత్రం కాదు.

మన రాష్ట్రాల్లో ఈ పని మిగతా చోట్ల కంటే తేలిక కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. ఈ సిజేరియన్ల సంఖ్య మీద ఎన్ని విమర్శలైనా ఉండొచ్చు, ఉండాలి కూడా. అయితే దాని వల్ల ఒక సంగతి జరిగింది: కోత కాస్త మానేదాకా తల్లి ఇంటికి వెళ్ళలేదు కాబట్టి బిడ్డ కూడా ఆసుపత్రిలోనే ఉంటాడు. పేగు అడ్డంకి బయటపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇల్లూ వాకిలీ లేని అడవిలో పుట్టిన బిడ్డ కాదు, నర్సు పదడుగుల దూరంలో ఉన్న బిడ్డ. అలాంటి చోట కూడా నాలుగో రోజుకో ఐదో రోజుకో పొట్ట నగారాలా బిగిసి పెద్దాసుపత్రికి చేరుతున్నాడంటే, సౌకర్యం లేక కాదు, ఎవరూ అడగక.

మామూలు కాన్పు అయితే కథ ఇంకోలా ఉంటుంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు ఉచిత భోజనం ఇస్తానంది. అయినా వార్డులో మంచాలు చాలక, ఇంట్లో పనులు ఆగక, మర్నాడే మూటా ముల్లే సర్దుకునే బాలింతలు ఎందరో. ఆశా కార్యకర్త ఇంటికి మొదటిసారి వచ్చేది మూడో రోజున. ఆ మధ్యలోని ఒకటిన్నర రోజు బిడ్డ ఎవరి పూచీ కిందా ఉండడు.

ఇక నల్ల దొడ్డి సంగతి. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు 95 శాతం మంది 24 గంటల్లోపే మొదటి మలం పోతారు. 48 గంటలు దాటినా పోలేదంటే కారణం వెతకాల్సిందే. అలా వెతికితే బయటపడే వాటిలో ముఖ్యమైనది హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు. డెన్మార్క్ పిల్లల డాక్టరు హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్‌లో జరిగిన సభలో, మలబద్ధకంతో చనిపోయిన ఇద్దరు మగబిడ్డల గురించి చెప్పాడు. పెద్దపేగు విపరీతంగా ఉబ్బిపోయి ఉంది కాబట్టి జబ్బు ఆ ఉబ్బిన భాగంలోనే ఉందనుకున్నాడు. దశాబ్దాల పాటు సర్జన్లు ఆ ఉబ్బిన పేగునే కోసి తీసేవారు, బిడ్డకు మళ్ళీ అదే తంతు. లోపం ఉన్నది దాని కింద, చూడ్డానికి చక్కగా మామూలుగా కనిపించే సన్నటి చివరి భాగంలో అని రూఢి అయింది 1940లలో. ఆ భాగంలో కదలికను నడిపించే నరాల కణాలు ఉండవు. దాన్ని తీసేసి, పై పేగును కిందికి లాగి కుట్టే ఆపరేషన్‌ను బోస్టన్‌లో ఓర్వార్ స్వెన్సన్, అలెగ్జాండర్ బిల్ కలిసి 1948లో ప్రచురించారు. సుమారు 5,000 మందిలో ఒకరికి వచ్చే ఈ జబ్బు మగపిల్లల్లో నాలుగు రెట్లు ఎక్కువ. రోగనిర్ధారణకు పెద్ద యంత్రం అక్కర్లేదు. మలద్వారం లోపలి నుంచి మిల్లీమీటర్ల పరిమాణంలో ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ కణాలు ఉన్నాయో లేవో చూడగల పాథాలజిస్టు ఉంటే చాలు.

మన ఇళ్ళలో ఈ జబ్బును మరుగున పడేసే ఒక పాత అలవాటుంది. బిడ్డ దొడ్డికి పోలేదంటే తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెడతారు. పొట్ట ఉబ్బితే వాము నీళ్ళు, వసకొమ్ము. కొన్నిచోట్ల బొడ్డు చుట్టూ వాతలు కూడా. వాతల గురించి వాదన అక్కర్లేదు, అవి మానాలి. తొడిమ సంగతి అంత సూటిది కాదు, ఎందుకంటే అది పని చేస్తుంది. హిర్ష్‌స్ప్రంగ్ ఉన్న బిడ్డకు కింద కాస్త కదిలిస్తే ఒక్కసారిగా గాలీ మలమూ వెలుపలికి తన్నుకొస్తాయి, పొట్ట తగ్గుతుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. మూడు రోజులకు మళ్ళీ మొదలు, మళ్ళీ తొడిమ. ఇలా నెలలు గడుస్తాయి. మధ్యలో పేగుకు ఇన్‌ఫెక్షన్ సోకితే నీళ్ళ విరేచనాలు, జ్వరం వస్తాయి. దాన్ని అందరూ మామూలు విరేచనాలనే అనుకుంటారు. ఈ జబ్బులో ప్రాణాలు తీసేది ఎక్కువగా ఆ ఇన్‌ఫెక్షనే. పెద్దవాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. తొడిమ పెడితే తప్ప పోవడం లేదన్న ముక్కే జబ్బు ఆనవాలని ఆశా కార్యకర్తకు తెలిస్తే, ఆ ఇంటి అలవాటే ఆమెకు సమాచారం ఇస్తుంది.

మలద్వారం లేకుండా పుట్టడం అన్నిటికంటే తేలిగ్గా కనిపెట్టదగ్గది. చూస్తే చాలు. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏజినాకు చెందిన పౌలస్ కూడా దీన్ని గుర్తించి, అడ్డుగా ఉన్న పొరను కోయమని రాశాడు. మరి ఈనాడు ఎందుకు తప్పిపోతోంది? లేబర్ రూములో ఆ నిమిషాలు ఎలా ఉంటాయో చూస్తే అర్థమవుతుంది. బిడ్డ పుట్టగానే తుడిచి, ఏడిపించి, బరువు తూచి, ఆడో మగో చూపించి, గుడ్డలో చుట్టేస్తారు. పిరుదుల మధ్య తెల్లటి జిడ్డు, నెత్తురు అంటుకుని ఉంటుంది. కాళ్ళు ముడుచుకుని ఉంటాయి. లైటు తల్లి వైపు ఉంటుంది. చూశామనే అందరూ అనుకుంటారు. అసలు చూడటమంటే వెలుతురులో బోర్లా తిప్పి, దూదితో శుభ్రంగా తుడిచి, రెండు బొటనవేళ్ళతో పిరుదులు విడదీసి, రంధ్రం ఉన్నచోటే ఉందా, ముడుత ఉందా అని చూసి, అనుమానం ఉంటే నూనె రాసిన 8 నంబరు ఫీడింగ్ ట్యూబు రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్తుందో లేదో చూడటం. మొత్తం కలిపి నిమిషం పట్టదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. చాలామందిలో పేగు యోని ముఖద్వారం దగ్గర సన్నటి రంధ్రంగా తెరుచుకుంటుంది. మలం అక్కడి నుంచి వస్తుంది కాబట్టి డైపరు ఖరాబవుతుంది, పాప దొడ్డికి పోయిందని కేస్‌షీటులో రాసేస్తారు. తర్వాత ఆరేడు నెలలకు గట్టి ఆహారం మొదలుపెట్టాక మలబద్ధకమని తీసుకొస్తారు. పోయిందా లేదా అని అడిగితే చాలదు, ఎక్కడి నుంచి పోయిందని అడగాలి. రంధ్రం ఎక్కడా కనిపించని బిడ్డకు పేగు ఎంత దూరంలో ఆగిందో తేల్చే ఎక్స్‌రే పుట్టిన వెంటనే తీస్తే తప్పు చెబుతుంది. మింగిన గాలి చివరిదాకా చేరడానికి సుమారు 24 గంటలు పడుతుంది. ఈ ఆగే సమయంలో గుండె, కిడ్నీలు, వెన్నెముక, అన్నవాహిక చూడాలి, ఈ లోపంతో పుట్టినవాళ్ళకు అక్కడా లోపాలు ఉండటం మామూలే. మెక్సికోలో అల్బెర్టో పేన్యా, పీటర్ డెవ్రీస్‌లు 1982లో ప్రచురించిన ఆపరేషన్ పద్ధతి వచ్చాక ఈ పిల్లల్లో చాలామంది అందరిలా బడికి వెళ్ళే స్థితి వచ్చింది. మొదటి రోజే గుర్తిస్తే, పొట్ట పగిలేంత ఉబ్బకముందే.

పుట్టకముందే దొరికేవీ ఉన్నాయి. చిన్నపేగు మొదటి వంపు మూసుకుపోయిన శిశువు ఉమ్మనీరు మింగి కిందికి పంపలేడు, అందుకే తల్లికి ఉమ్మనీరు పెరుగుతుంది. స్కానులో పొట్టలో పక్కపక్కనే రెండు నల్లటి బుడగలు కనిపిస్తాయి, ఒకటి జీర్ణాశయం, రెండోది ఉబ్బిన పేగు. పుట్టాక తీసే ఎక్స్‌రేలోనూ అవే రెండు బుడగలు, ఈసారి గాలితో. అంత స్పష్టమైన చిత్రం రేడియాలజీలో అరుదు. ఇలాంటి పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి డౌన్ సిండ్రోమ్ కూడా ఉంటుంది కాబట్టి కుటుంబంతో నిదానంగా మాట్లాడాల్సిన సందర్భమిది. తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల్లో 2022లో, కడుపులోని శిశువు అవయవ లోపాలను చూసే టిఫా స్కాన్ మిషన్లు పెట్టారు, మంచిదే. కాకపోతే టిఫా తీసేది 18-22 వారాల్లో. ఈ బుడగలు చాలామందిలో ఆ తర్వాతే తేలతాయి. టిఫా నార్మల్ అన్న కాగితం పేగు విషయంలో పూర్తి హామీ కాదని, ఏడో నెల దాటాక ఉమ్మనీరు పెరిగితే మళ్ళీ చూడాలని స్కాన్ సెంటర్లకు చెప్పేవాళ్ళు కావాలి. ఉమ్మనీరు ఎక్కువున్న తల్లికి పుట్టిన బిడ్డకు పుట్టగానే కడుపులో ట్యూబు వేసి లాగితే 20-25 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ ద్రవం వచ్చిందంటే, పాలు పట్టకముందే అడ్డంకి ఉన్నట్టు సూచన దొరికేసినట్టే.

కింది పేగు ముక్కలుగా ఎందుకు పుడుతుందో తేల్చినవాళ్ళలో ఒకరి పేరు వేరే కారణంతో లోకమంతా ఎరుగును. కేప్‌టౌన్‌లో యాన్ లోవ్‌తో కలిసి క్రిస్టియాన్ బర్నార్డ్ కడుపుతో ఉన్న కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. పుట్టని కూనల పేగుకు వెళ్ళే రక్తనాళాలు కట్టేస్తే, పుట్టేసరికి పేగు మనుషుల పిల్లల్లో లాగే తెగి ఉంది. 1955లో లాన్సెట్‌లో వచ్చిన ఆ పరిశోధన వల్ల, రక్తం చాలని ఉబ్బిన కొసను కోసి తీసేశాకే అతకాలని సర్జన్లకు తెలిసింది, బతికే పిల్లలు పెరిగారు. పన్నెండేళ్ళ తర్వాత ఆయన గుండె మార్చాడు, అందరూ పేగును మర్చిపోయారు.

మంత్రులు ముఖ్యంగా చూడాల్సిన అంకెలు 2021 నాటి లాన్సెట్‌లో ఉన్నాయి. 74 దేశాల్లోని 264 ఆసుపత్రులు కలిసి, పేగు, అన్నవాహిక, పొట్టగోడ వంటి లోపాలతో పుట్టిన 3,849 మంది పిల్లలను గమనించాయి. ధనిక దేశాల్లో 5.6 శాతం మంది చనిపోయారు. మధ్య ఆదాయ దేశాల్లో 20.4 శాతం. పేద దేశాల్లో 39.8 శాతం. మనది మధ్య వరసలో ఉన్న దేశం. ఆసుపత్రికి చేరేసరికే ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ఉండటం మరణానికి దారితీసిన ముఖ్య కారణాల్లో ఒకటని ఆ అధ్యయనం తేల్చింది. అంటే ఈ అంతరంలో కొంత ఆపరేషన్ థియేటరు తలుపు దాకా వచ్చేలోపే ఏర్పడిపోతోంది.

ఆ తలుపు దాకా దారి ఎంత? పిల్లల సర్జరీ విభాగాలు విశాఖ కేజీహెచ్, గుంటూరు, కర్నూలు, తిరుపతి, హైదరాబాద్ నీలోఫర్ లాంటి కొద్ది చోట్లే ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ దిగి రావాలి. అంబులెన్సుల విషయంలో మనకు పేరుంది, 108 పుట్టిందే ఇక్కడ, 2005 ఆగస్టు 15న. నవజాత శిశువుల కోసమే ప్రత్యేక వాహనాలు కూడా వచ్చాయి. డబ్బు సంగతికొస్తే, 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ, పేర్లు మారినా, నడుస్తోంది. బండీ ఉంది, డబ్బూ ఉంది. ప్రయాణంలో బిడ్డ కడుపులో ట్యూబు మాత్రం చాలాసార్లు ఉండదు. ముక్కులోంచో నోట్లోంచో ఒక రైల్స్ ట్యూబు వేసి, కొస తెరిచి ఉంచి, గంటగంటకూ సిరంజితో లాగుతూ తీసుకెళ్తే దారిలో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోదు. పాలు ఆపి, సెలైన్ పెట్టి, ఒళ్ళు చల్లబడకుండా చుట్టి పంపాలి. ఇవేవీ చేయకుండా ఒడిలో పెట్టి పాలు పట్టుకుంటూ ఐదు గంటలు ప్రయాణం చేయించిన బిడ్డ సర్జన్ చేతికి వచ్చేసరికి, ఆపరేషన్ కంటే ముందు ఊపిరితిత్తులకు వైద్యం చేయాల్సి వస్తుంది.

అందుకే ఈ లేఖ అడుగుతున్నది కొత్త భవనం కాదు, కొత్త మిషను అసలే కాదు. దీనికి కత్తిరించడానికి రిబ్బన్ కూడా ఉండదు. ప్రభుత్వాసుపత్రి అయినా, వీధి చివర నర్సింగ్ హోమ్ అయినా, డిశ్చార్జి కాగితం మీద నాలుగు గడులు అచ్చు వేయించండి. మలద్వారం వెలుతురులో చూసినది ఎవరు, సంతకం. మొదటి నల్ల దొడ్డి పుట్టిన ఎన్నో గంటకు, ఎక్కడి నుంచి. వాంతి అయితే దాని రంగు, పక్కనే తెలుపు, పసుపు, ఆకుపచ్చ మూడు రంగుల చుక్కలు ముద్రించి. పొట్ట ఉబ్బిందా. మొదటి రెండు గడులు నిండకుండా బిడ్డ గేటు దాటకూడదు. ఆకుపచ్చ చుక్కకు టిక్కు పడితే డ్యూటీ డాక్టరు అనుమతి కోసం ఎదురు చూడకుండా నర్సే ట్యూబు వేసి 108కు ఫోన్ చేసే అధికారం ఉండాలి. తల్లి ఇంటికెళ్ళాక కూడా ఆ మూడు చుక్కలు ఆమె చేతిలోనే ఉంటాయి కాబట్టి, మూడో రోజు వచ్చే ఆశా కార్యకర్త కూడా అదే చూపించి అడగొచ్చు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పుడు దాని 30 జబ్బుల జాబితాలో పుట్టుకతో వచ్చే లోపాల కింద తొమ్మిది పేర్లు రాశారు. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె జబ్బులు, పుట్టుకతో వచ్చే కంటి శుక్లాలు, చెవుడు వంటివి. పేగు అడ్డంకికి అందులో విడిగా పేరు లేదు. ఆ తొమ్మిదిలో చాలావాటికి వారాలో నెలలో వ్యవధి ఉంటుంది. వ్యవధి లేనిదానికే చోటు దొరకలేదు. కేంద్రం జాబితా మార్చేదాకా ఆగనక్కర్లేదు, రాష్ట్రాలు తమ వంతుగా ఒక వరస చేర్చుకోవచ్చు.

ఇంకొక్కటి. పసిపిల్లలు చనిపోయినప్పుడు జిల్లాల్లో సమీక్షలు జరుగుతాయి, ఫారాలు నింపుతారు. పేగు సమస్యతో చనిపోయిన ప్రతి బిడ్డ ఫారంలో రెండు సమయాలు రాయించండి: మొదటి పసరు వాంతి ఎన్ని గంటలకు, పిల్లల సర్జన్ మొదటిసారి చూసింది ఎన్ని గంటలకు. ఒక ఏడాది ఈ రెండు అంకెలు జిల్లాలవారీగా పోగు చేస్తే, ఆలస్యం లేబర్ రూములో జరుగుతోందా, ఇంట్లోనా, దారిలోనా, లేక పెద్దాసుపత్రి క్యాజువాలిటీలోనా అన్నది తేలుతుంది. ఆ పట్టికను దాచిపెట్టకుండా శాఖ వెబ్‌సైటులో పెట్టమని కోరుతూ,

నమస్కారాలతో.